బొటనవేలు, కాలివేలు, బ్యాంకు కౌంటరు (నాలుగో భాగం)



పోయిన భాగంలో కరణం అరుగు గురించి రాశాను. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పాత గ్రామాధికారుల ఉద్యోగాలు రద్దు చేసేదాకా, ఆ అరుగు మీద మన తాతల వేలిముద్రలు ఎట్లా పడ్డాయో రాశాను. అది చదివి, బ్యాంకు పరీక్షలకు ప్రిపేరవుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, రేపు నాకు ఉద్యోగం వచ్చి కౌంటర్లో కూర్చుంటే మనోళ్ళు వస్తారు. కాగితం సరిగ్గా ఉండదు, రూలు ఒప్పుకోదు. అప్పుడు రూలు పక్కనబెట్టి పని చేసిపెట్టాలా, రూలు ప్రకారం పంపెయ్యాలా?" అని అడిగాడు.

ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. పంతొమ్మిదేళ్ళు ఆ కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని. ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ గొంతులో అడ్డం పడి ఉంది. అది రాస్తే తమ్ముడికి జవాబు దొరుకుతుందేమో చూద్దాం. బ్యాంకు పేరు, ఊరి పేరు వద్దు. ఆ మనుషులు ఇంకా అక్కడే బతుకుతున్నారు.

అది 2016 డిసెంబరు. నోట్లు రద్దయి నెల కూడా కాలేదు. చేతికి ఇవ్వడానికి నోట్లు లేక మన రాష్ట్రంలో ఆ నెల పింఛన్లు బ్యాంకు ఖాతాల్లో వేశారు. అప్పటిదాకా పల్లె అరుగుల దగ్గర వెయ్యి రూపాయలు చేతిలో పెట్టించుకున్న ముసలివాళ్ళంతా ఒక్కసారిగా మా బ్రాంచి మీద పడ్డారు. బ్రాంచిలో ఉన్నవి రెండువేల నోట్లు. వెయ్యి పింఛనుకు రెండువేల నోటు ఎట్లా ఇస్తాం? వంద నోట్ల కట్టలు పదిన్నరకల్లా అయిపోయేవి.

ఆ గుంపులో ఒక పిల్ల, తొమ్మిదో పదో చదువుతుండొచ్చు, కౌంటర్ దగ్గరికి వచ్చి పాస్‌బుక్, విత్‌డ్రాల్ ఫారం నా ముందు పెట్టింది. ఫారం మీద వేలిముద్ర అప్పటికే వేసి ఉంది. "మా అవ్వ లేవలేకపోతుంది మేడం. ఇంటికాడే వేయించుకొచ్చా" అంది. ఆ అవ్వ నాకు తెలుసు. ఆ ఊరి మాదిగపల్లెలో చర్చి పక్క ఇల్లు. నేను కొత్తగా చేరినప్పుడు నా ఇంటిపేరు అడిగి, మా అమ్మ పుట్టిల్లు అడిగి, ఏదో వరస కలిపి "మనోళ్ళ పిల్లవే" అని నవ్విన మనిషి. ఆ ముద్ర ఆమెదేనని నాకు అనుమానం లేదు.

అయినా ఇవ్వలేదు. వేలిముద్ర ఖాతాదారు స్వయంగా రావాలి, ముద్ర ఉద్యోగి కళ్ళ ముందే వేయాలి, పాస్‌బుక్ మీది ఫొటోతో మనిషిని పోల్చి చూసి ఉద్యోగి కింద సంతకం చేయాలి. అదీ రూలు. "అవ్వను తీసుకురా తల్లీ" అని ఆ పిల్లను పంపేశాను.

నన్ను తిట్టుకోబోయే ముందు ఇంకొక సంగతి వినండి. దానికి రెండేళ్ళ ముందు ఇదే కౌంటర్ దగ్గరికి ఒక పెద్దమనిషి పదిహేడు పాస్‌బుక్కులు రబ్బరు బ్యాండు వేసి తెచ్చాడు. అన్నీ పల్లెవాళ్ళవి. అన్ని ఫారాల మీదా వేలిముద్రలు సిద్ధం. "పాపం కూలి పోగొట్టుకుని ఏం వస్తారమ్మా, నేనే తీసి పంచుతా. మీవాళ్ళకే కదా సాయం" అన్నాడు. నేను ఇవ్వలేదు. ఒక్కొక్కర్నీ రమ్మన్నాను. వచ్చినవాళ్ళలో సగం మందికి తమ ఖాతాలో లోను సొమ్ము పడిందన్న సంగతే తెలియదు. ఆ రోజు నా చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం ఈ రూలే. అయినవాళ్ళని ఆ పిల్లకు సడలిస్తే, రేపు ఆ రబ్బరు బ్యాండు మనిషికి ఏం చెప్పను? "మేడం వాళ్ళ కులపోళ్ళకైతే రూలుండదు" అనేమాట ఊళ్ళో పాకడానికి ఎంతసేపు?

ఇదీ చిక్కు. జాలి చూపించే దారీ, దొంగ వచ్చే దారీ ఒకటే. ఇది ఎందుకిట్లా అయిందో తెలియాలంటే వేలిముద్ర చరిత్ర కొంచెం తిరగేయాలి.

1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు పనికి కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు "ఆ సంతకం నాది కాదు" అని బుకాయించకుండా భయపెట్టడానికి. తర్వాత 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పింఛను తీసుకునేవాళ్ళ చేత వేలిముద్రలు వేయించడం మొదలుపెట్టాడు. ఒకరి పేరున ఇంకొకరు పింఛను ఎత్తుకుపోకుండా. చూశారా, పింఛనుకూ వేలిముద్రకూ ముడిపడింది ఆధార్‌తో కాదు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే లెక్క తేల్చినవాళ్ళలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఉన్నారు. పద్ధతికి పేరు మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీది. (ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదులెండి.)

ఆ తర్వాత ఆ సిరా ఎవరి వేళ్ళకు అంటిందో చూడండి. 1871 నేరస్త తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చినప్పుడు, అందులో నమోదైన మనుషుల వేలిముద్రలు తీసుకునే అధికారం రాశారు. నేరం చేసినందుకు కాదు, పుట్టినందుకు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో పెట్టింది ఆ చట్టం కిందే. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం భారతీయుల పది వేళ్ళ ముద్రలు అడిగినప్పుడు, అది నేరస్తులకు చేసే అవమానమని పెద్ద ఉద్యమమే నడిచింది. మంచిదే. మన దేశంలో ఎరుకలవాడి పది వేళ్ళ గురించి మాత్రం అంత ఉద్యమం జరగలేదు.

మన పల్లెల్లో కథ ఇంకో రకం. ఇక్కడ వేలిముద్ర పోలీసుకు కాదు, అప్పు కాగితానికి. జీతానికి కుదిరిన పిల్లాడి తండ్రి వేసిన ముద్ర, పంట మీద తెచ్చుకున్న గింజలకు వేసిన ముద్ర, ఏమీ రాయని తెల్లకాగితం మీద వేసిన ముద్ర. నిజాం రాజ్యంలో భగేలా ఒప్పందాల మీద 1936లో ఒక నిబంధన చేయాల్సి వచ్చిందంటే, ఆ కాగితాలు మనుషుల్ని ఎంతగా కట్టేసుంటాయో ఊహించుకోండి. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. మా తాతకు ప్రభుత్వం ఇచ్చిన ఎకరం ముప్పై సెంట్లు అట్లాగే పోయింది. ఒక బస్తా జొన్నలకు అప్పు కాగితం అని ముద్ర వేయించుకున్నారు, అది అమ్మకం కాగితం అయి కూర్చుంది. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆ అమ్మకమే చెల్లదు. ఆ సంగతి మా ఇంట్లో మొదట చదివింది నేను, డిగ్రీలో ఉండగా. అప్పటికి తాత లేడు. భూమి ఇప్పటికీ మాకు రాలేదు.

అందుకే "రూలు పక్కన పెట్టు" అని ఎవరన్నా తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రూలు లేని చోట మన పెద్దలు బతికారు. అక్కడ ఉన్నది కరణంగారి దయ. కాగితం మీద ఉన్న రూలు మన చేతికి రావడానికి ఎంతమంది కొట్లాడారు! 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టి, పబ్లిక్ రోడ్డు మీద నడవడానికీ, బావి దగ్గరికీ, ప్రభుత్వ ఆఫీసులోకీ ఏ కులం మనిషైనా రావచ్చని ప్రభుత్వం చేత ఒప్పించాల్సి వచ్చింది. ఆఫీసు మెట్టు ఎక్కడానికి తీర్మానం! కౌంటర్ ఇవతలికి రావడానికే అంత అయితే, అవతల కూర్చోవడానికి ఇంకెంత? 1943లో వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ పట్టుబడితే కేంద్ర ఉద్యోగాల్లో మనకు 8.33 శాతం వచ్చింది. 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయం కాకపోతే నాలాంటిదానికి ఆ కుర్చీ ఉండేదే కాదు. రూలు పుణ్యాన కూర్చున్న కుర్చీలోంచి రూలును చిన్నచూపు చూడలేం కదా.

ఇదంతా ఆ పిల్లను వెనక్కి పంపిన రోజు నాకు నేను చెప్పుకున్న సమాధానం. సమాధానం బాగానే ఉంది. మర్నాడు దాకా.

మర్నాడు పదకొండింటికి ట్రాలీ ఆటోలో నులకమంచం వచ్చింది. మంచం మీద అవ్వ. పైన దుప్పటి. గేటు దగ్గర ఆటో ఆగింది, లోపలికి తేవడానికి తోవ లేదు, క్యూ రోడ్డుదాకా ఉంది. నేనే స్టాంపు ప్యాడ్ తీసుకుని బయటికి వెళ్ళాను. బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్దితే ముద్ర పడదు. నారు పీకి, మిరపకాయలు కోసి, సున్నం తొట్లో తోళ్ళు తిప్పి అరిగిపోయిన వేలు. కాగితం మీద నల్లమచ్చ పడిందంతే. మూడోసారికి ఏవో రెండు గీతలు కనిపించాయి. ఫొటో చూశాను, ముఖం చూశాను, సంతకం చేశాను. క్యూలోంచి ఎవరో "ఆ వాసన ముందు పంపించండమ్మా" అన్నారు. పది వంద నోట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. రూలు అక్షరం పొల్లు పోకుండా జరిగింది.

అవ్వ కోపంగా ఏమీ అనలేదు. "నిన్న పిల్లకిచ్చినా సరిపోయేది కదమ్మాయ్, నన్నెరగవా?" అంది. ఆటోకు మూడొందలైందట. వెయ్యిలో మూడొందలు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజు సాయంత్రం బ్రాంచిలో బీరువా తీసి, రిజర్వు బ్యాంకు ఖాతాదారుల సేవల మీద ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ మొత్తం చదివాను. పదమూడేళ్ళ సర్వీసులో మొదటిసారి. సిగ్గుపడుతూనే చెప్తున్నాను. శిక్షణలో మాకు చెప్పింది "వేలిముద్ర ఖాతాదారు స్వయంగా రావాలి" అన్న ఒక్క లైను. దాని కింద వృద్ధులు, జబ్బుపడినవాళ్ళు, అశక్తుల గురించి వేరే విభాగమే ఉంది. మనిషి బ్యాంకుకు రాలేకపోతే బొటనవేలి ముద్రో కాలివేలి ముద్రో తీసుకోవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు అది ఫలానా మనిషిదని చెప్పాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ముద్ర కూడా వేయలేకపోతే ఏదో ఒక గుర్తు చాలు. డబ్బు ఎవరి చేతికివ్వాలో ఖాతాదారు చెప్పొచ్చు, ఆ మనిషిని కూడా ఆ ఇద్దరు సాక్షులే గుర్తుపట్టాలి.

అంటే అవ్వను మంచం మీద తెప్పించమని ఏ రూలూ చెప్పలేదు. ఆ పని చేసింది నేను. సగం రూలు తెలిసి.

ఆ సర్క్యులర్లోనే ఇంకొక వాక్యం ఉంది. అది చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. 1950 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పును ఎత్తి చూపిస్తూ, సంతకం పెట్టే మనిషికీ కాగితం మీది గుర్తుకీ మధ్య శారీరక స్పర్శ ఉండాలి అని రాశారు. గుర్తు ఎట్లాగైనా పెట్టొచ్చు, కాలివేలితోనైనా, కానీ తాకాలి. 1950. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాది, 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిన ఏడాది. తాకితేనే చెల్లుతుంది అని చట్టం అంటోంది. మన పెద్దల డబ్బు తీసుకునేటప్పుడు గుమ్మం అవతల నేల మీద పెట్టించి, నీళ్ళు చల్లి తీసుకున్న ఊళ్ళలో.

మర్నాడు మేనేజర్ గారి దగ్గరికి సర్క్యులర్ పట్టుకుని వెళ్ళాను. "సార్, వచ్చే నెల నేను సాయంత్రం అవ్వ ఇంటికి వెళ్ళి ముద్ర తీసుకొస్తాను. అధికారిగా మీరు గానీ ఫీల్డ్ ఆఫీసర్ గానీ రావాలి" అన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు. అటెండర్ కూతురి ఫీజు సొంత డబ్బుతో కట్టిన మనిషి. "స్టాఫ్ లేరు మేడం. ఇవాళ పల్లెలో ఒకింటికి పోతే రేపు అందరూ పిలుస్తారు. మనకు రూలు ఉంది కదా, రమ్మనండి" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ ఎండాకాలం, ఊళ్ళో ఒక పెద్దరైతు తండ్రికి ఒంట్లో బాగోలేదు. ఆయన ఎఫ్‌డీ రెన్యూ చేయాలి. మేనేజర్ గారే ఫారాలు తీసుకుని ఫీల్డ్ ఆఫీసర్‌ని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. మంచం పక్కన కుర్చీ వేసుకుని సంతకం పెట్టించుకొచ్చారు. మజ్జిగ తాగొచ్చారు. దాన్ని బ్రాంచిలో ఎవరూ మినహాయింపు అనలేదు, సడలింపు అనలేదు. కస్టమర్ రిలేషన్ అన్నారు. నేను కూడా అప్పుడు ఏమీ అనుకోలేదు. రూలు పుస్తకం ఒకటే. ఊరికి దాని రెండో పేజీ ఎవరూ అడగకుండానే తెరుచుకుంటుంది. పల్లెకు మొదటి పేజీ దగ్గరే ఆగిపోతుంది.

ఆ మాటే అన్నాను, ఇంత సాఫీగా కాదు, గొంతు వణుకుతూ అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "కులం ఎందుకు తెస్తున్నారు మేడం?" అన్నారు. నేను కులం మాట ఎత్తనే లేదు.

తమ్ముడూ, ఇక్కడ నీకొక లెక్క చెప్పాలి. మనం రూలు తప్పితే పడే శిక్షా, వాళ్ళు రూలు తప్పితే పడే శిక్షా ఒకటి కాదు. వేరేవాళ్ళు చేస్తే చొరవ, మనం చేస్తే విచారణ. అందుకని నేను నోటిమాటతో వదల్లేదు. సర్క్యులర్ జిరాక్స్ జతచేసి, అవ్వ పరిస్థితి రాసి, అధికారి రావాల్సిందిగా కోరుతూ కాగితం పెట్టాను. కాపీ మీద ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకున్నాను. ఆ స్టాంపు పడ్డాకే పని కదిలింది.

ఇప్పుడు స్టాంపు ప్యాడ్ బదులు యంత్రం వచ్చింది కాబట్టి ఇది పాత కథ అనుకోకండి. 2018 మార్చిలో ఆధార్ సంస్థ అధిపతి సుప్రీంకోర్టుకు ఇచ్చిన లెక్కలోనే ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ 88 శాతం సఫలం అని ఉంది. మిగతా పన్నెండు ఎవరి వేళ్ళయి ఉంటాయో మీరే చెప్పండి. ఆధార్ లేదన్న కారణంతో రేషన్ ఆపొద్దని, అట్లాంటివాళ్ళను వేరే రిజిస్టర్లో రాసి సరుకు ఇవ్వాలని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న ఆదేశం ఇచ్చింది. మీ వాడ డీలర్ దగ్గర ఆ రిజిస్టర్ ఉందా? ఒకసారి అడిగి చూడండి. డెబ్భై దాటినవాళ్ళకూ వికలాంగులకూ ఇంటి దగ్గరే సేవ అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో బ్యాంకులకు చెప్పింది. 2020 జూన్‌లో ఒడిశా నువాపడా జిల్లాలో, జన్‌ధన్ ఖాతాలో పడ్డ పదిహేను వందల కోసం ఒక ముసలి కూతురు తన ముదుసలి తల్లిని మంచంతో సహా రోడ్డు మీద బ్యాంకుకు లాక్కెళ్ళిన వీడియో దేశమంతా చూసింది. అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం ఆ మంచం కోళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాను.

జనవరిలో ఫీల్డ్ ఆఫీసర్, నేను, అటెండర్ ముగ్గురం సాయంత్రం అయిదున్నరకు పల్లెకు వెళ్ళాం. ఫీల్డ్ ఆఫీసర్ బండి చర్చి దగ్గరే ఆపి, చెప్పులతో లోపలికి రావాలా వద్దా అన్నట్టు గుమ్మం దగ్గర తటపటాయించాడు. ఆ ఇంట్లోకి అట్లాంటి మనిషి రావడం అదే మొదలేమో. అవ్వకు ఆ నెలలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి మొత్తం పడిపోయింది, ఎడమచేతి వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకోలేదు. బలవంతంగా విప్పితే నొప్పికి అరిచింది. "కాలివేలు తీసుకుందాం" అన్నాను.

దుప్పటి తొలగించి పాదం పట్టుకోబోతే లాక్కుంది. మాట సరిగ్గా రావడంలేదు, అయినా అర్థమైంది. "బ్యాంకులో కూసునే పిల్లవి, నా కాళ్ళు పట్టుకుంటావా, తప్పు." నేను నేల మీద కూర్చుని పాదం ఒళ్ళో పెట్టుకున్నాను. బొటనవేలికి సిరా అద్ది ఫారం మీద నొక్కాను. ముద్ర పడింది. చేతివేలి కంటే మేలుగా, గీతలన్నీ స్పష్టంగా. ఫీల్డ్ ఆఫీసర్ దగ్గరికి వంగి చూసి "భలే పడిందే" అన్నాడు, కింద సంతకం చేశాడు. రెండో సాక్షిగా అటెండర్ సంతకం చేశాడు. డబ్బు ఎవరికివ్వాలని అడిగితే అవ్వ మనవరాలి వైపు చూసింది.

మర్నాడు పదింటికి ఆ పిల్ల బడి యూనిఫామ్‌లోనే వచ్చి వెయ్యి రూపాయలు తీసుకెళ్ళింది. ఆటో ఖర్చు లేదు. వారం తర్వాత నాకు మెమో వచ్చింది, పని వేళల తర్వాత బ్రాంచి ఫారాలు బయటికి తీసుకెళ్ళడం గురించి సంజాయిషీ ఇమ్మని. ఇన్‌వర్డ్ స్టాంపు పడిన కాపీ జతచేసి జవాబిచ్చాను. ఫిబ్రవరికి పల్లె నుంచి ఇంకో నలుగురి పేర్లు వచ్చాయి. మేనేజర్ గారు చెప్పినట్టే, అందరూ పిలిచారు.